పాటకు రేటెంత

మామ బోర్డు పెయింటర్. కోటగిరి, రుద్రూర్, వర్ని, బీర్కూర్ ఊళ్లలో ఒకప్పుడు కిరాణా కొట్టు పేరైనా, బడి గోడ మీద నినాదమైనా, ఎన్నికల గుర్తయినా ఆయన చేతి మీదుగానే గోడెక్కేది. ఫ్లెక్సు వచ్చాక ఎరువుల దుకాణంలో లెక్కలు రాయడానికి కుదిరాడు. అల్లుడు ఆయన అక్క కొడుకు. డిగ్రీ చదివాడు, కీబోర్డు వాయిస్తాడు, పాట రాసి బాణీ కడతాడు, పెళ్లి బరాతులకు పాడతాడు. అతని పాట ఒకటి విని హైదరాబాదు నుంచి ఒక యూట్యూబు చానల్ వాళ్లు ఫోన్ చేశారు. ఒక్కసారికే ఇంత అని ఇస్తారట, పాట పూర్తిగా వాళ్లదే అయిపోవాలట. ఒప్పంద కాగితం వాట్సాప్‌లో వచ్చింది. సంతకం పెట్టాలా వద్దా అన్న దగ్గర మొదలైన మాట చిందు భాగోతం దాకా, ఢిల్లీ హైకోర్టు దాకా పోయింది. నేను పక్కన కూర్చుని విన్నాను. ఊరుకోలేక అక్కడక్కడా నా మాట కూడా కలిపాను.

మామ: పెట్టు సంతకం. పైసలు రాంగనే అక్క చేతుల పెట్టు. పాటదేముంది, ఇయ్యాల గాకుంటే రేపు ఇంకోటి కడ్తవ్.

అల్లుడు: ఆ రేపటిది గూడ గిట్లనే అమ్ముకోవాలె గద మామా. ఇదేమన్న వరి కోతనా, ఈ కారు పోతే మళ్ల కారు వస్తదనుకోనీకి? నేను దీన్నే బతుకుదెరువు చేసుకుందామనుకుంటున్న. పట్నం పోను. ఈడ్నే ఉంట.

మామ: ఇగో, నీతోని వచ్చిన లొల్లి గిదే. పాట పాడొద్దని నేను అంటలేను. బతుకుదెరువు వేరే పెట్టుకొని పాడుకో అంటున్న. కళను మనం సాదాలె గని, అది మనల్ని సాదాలె అనుకుంటే ఇద్దరం ఉపాసముంటం. కిన్నెర మొగిలయ్యను చూస్తివి గద. నాగర్‌కర్నూల్ దిక్కు అవుసలికుంట ఆయనది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించేటోళ్లు మళ్ల ఎవరున్నరు? 2021ల భీమ్లా నాయక్ సినిమా పాటల ఆయన గొంతు ఊరూరు మోగింది. 2022ల పద్మశ్రీ. కోటి రూపాయలిచ్చిండ్రు, ఇంటి జాగ అన్నరు. 2024 మే నెలల చూస్తే హైదరాబాదు పక్కన ఇల్లు కట్టే కాడ కూలి పని చేస్తున్నడని పేపర్ల పడె. నెలకు పదివేల పింఛను గూడ ఆగిపోయిందని ఆయననే చెప్పుకున్నడు. పద్మశ్రీకే దిక్కు లేకపోతే, నీ బరాతు పాటకేముంటది?

అల్లుడు: నువ్వు చెప్పింది నా తరఫు సాక్ష్యమే. ఆయనకు వచ్చిందేంది? బిరుదు, శాలువ, సర్కారు ఇనాం. ఆయన కిన్నెరకు రోజు పని ఎవరన్న ఇచ్చిండ్రా? ఇయ్యలే. పోనీ ఆ పాటను జనం విన్నప్పుడల్ల ఆయన ఇంటికి రూపాయన్న చేరేటట్టు కాగితం మీద రాసి ఉంటే, ఎవరి కాళ్లన్న పట్టుకునే గతి వచ్చేదా? ఇనాముల మీద బతికినోని సంగతి చెప్పి, పని చేసి బతుకుదామనుకుంటున్నోన్ని భయపెట్టకు.

ఇక్కడ అల్లుడి మాటలో పస ఉంది. మన దగ్గర కళాకారుడి సంగతి ఎత్తితే చాలు, సన్మానమా పింఛనా అన్న దగ్గరే ఆగిపోతాం. కేంద్ర సాంస్కృతిక శాఖ వృద్ధ కళాకారులకు నెలకు 6,000 రూపాయల వరకు సాయం చేస్తుంది. అరవై ఏళ్లు దాటాలి, రాబడి తక్కువని చూపించుకోవాలి. మంచిదే. కాని పాతికేళ్ల నుంచి అరవై దాకా ఆ మనిషి ఏం తిని పాడాడని అడిగేవాళ్లు తక్కువ.

మామ: సరే, పని చేసి బతికినోళ్లనే చెప్త. చేర్యాల నకాషీలు. వాళ్ల బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంటిల్లిపాది అదే పని. నువ్వు చూసినవో లేదో, ఇప్పుడు వాళ్లు అమ్మేదేంది? మొకాల బొమ్మలు, గోడకు తగిలిచ్చేటియి, తాళంచేతుల గొలుసులు. ఎనకట వాళ్లు గీసింది మూరలకు మూరల పటం. కూనపులోళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటందుకు ఒక పటం, గౌడజెట్టోళ్లు గౌడులకు చెప్పేటందుకు ఒకటి, కాకిపడగలోళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేటందుకు ఒకటి. కథ చెప్పేటోడు పోయిండు, పటం కొనేటోడు పోయిండు. నకాషీ బతికిండు, నేను కాదంటలేను. పటం గొలుసుకు ఎక్కినంక బతికిండు.

అల్లుడు: బతికిండు గద. చెయ్యి బతికింది. రేపు ఎవరన్న పెద్ద పటం కావాలంటే గీసే చెయ్యి ఆ ఇంట్ల ఉన్నది. నీ లెక్కన వాళ్లందరు కిరాణా కొట్టు పెట్టుకొని ఐతారం ఐతారం బొమ్మ గీస్తే, ఆ చెయ్యి ఉండేదా?

మామ: కొన్ని చేతులు ఉంటయ్.

అల్లుడు: నేను అందుకే అంటున్న. బోధన్ పక్కన అమ్దాపూర్, చిందుల ఎల్లమ్మ. ఆమె ఏ ఎరువుల దుకాణంల లెక్కలు రాసింది మామా? చిన్నప్పటి సంది వేషమే. మద్దెల దెబ్బకు అడుగు, అడుగు మీద పాట, పాట ఇరుకున మాట. పొనికి కట్టెతోని చేసిన కిరీటం, భుజకీర్తులు కట్టుకొని, మొకానికి అర్దళం రాసుకొని, తెల్లారేదాక గొంతు జారకుండ ఆడాలె. 1999ల సర్కారు హంస అవార్డిచ్చింది, 2005ల ఆమె పోయింది. గసొంటి మనిషి పక్క పనిగ చేసుకుంట తయారయితదా? చిందోళ్లకు ఊర్లు పంచి ఉండె. ఈ ఇంటోళ్లకు ఈ ఊర్లని మిరాశి. ఆ ఊరి మాదిగవాడకు పోయి జాంబపురాణం చెప్పి, భాగోతం ఆడితే ఇన్ని గింజలు, ఇంత పైకం కట్టియ్యాల్సిందే. అది ధర్మం గాదు, వాళ్ల హక్కు. ఆ గింజలే ఆమెకు నేర్చుకునే టైం ఇచ్చినయ్.

మామ: ఇచ్చినయ్. మనిషి మెడకు తాడు గూడ ఏసినయ్. హక్కు అంటున్నవ్ గని, ఇచ్చేటోళ్లే లేనోళ్లు. మాదిగవాడల కరువొస్తే చిందోళ్ల ఇంట్ల పొయ్యి లేవది. ఊరి పెద్దలు పిలిస్తే ఎల్లమ్మ తల్లి వేషం కట్టను పో అనే దమ్ము ఎవరికున్నది? దేవుని పేరు మీద ఇడిసిన జోగినుల సంగతి నీకు పుస్తకాలల్ల తెలిసుంటది, నేను కండ్లార చూసిన. జాతరల ఆడుమంటే ఆడాలె, శవం ముందట ఆడుమంటే ఆడాలె. ఈ జిల్లలనే హేమలతా లవణం వాళ్లు వచ్చి జోగినులకు ‘చెల్లి నిలయం’ పెట్టాల్సి వచ్చె. 1988ల చట్టం తేవాల్సి వచ్చె. కళ అని మురుసుడు మనకు అలకన.

అల్లుడు: జోగిని ఏరు, చిందు ఏరు మామా. రెండు కలుపుడు తప్పు. చిందోళ్లది ఒక విద్య. దానికో పాఠం, ఒక వరస, గురువు ఉన్నరు.

మామ: ఏరే. నేను ఒకటే అంటలేను. కాని రెండిట్ల గూడ ఆడిన మనిషికి ఆడను అనే హక్కు లేదు. అది లేని కాడ వచ్చే గింజలను నేను సంపాదన అనను.

నాకు ఇక్కడ ఇద్దరి మధ్యా నలిగినట్టయింది. మిరాశిని పట్టుకుని ‘అప్పట్లో ఊరు కళాకారుణ్ణి సాకేది’ అని వ్యాసాలు రాసే మనవాళ్లు, ఆ సాకుడు ఏ కులం ఏ కులానికి చేసింది, ఏ షరతు మీద చేసింది అన్నది రాయరు. కాని అల్లుడన్నట్టు, తెల్లవార్లూ నిలబడి ఆడగల గొంతు సెలవు రోజుల్లో తయారు కాదు. ఎల్లమ్మ చెప్పుకున్న జీవిత కథ పుస్తకంగా వచ్చింది. ఆ విద్యా ఆ పేదరికమూ ఒక్క ఒంట్లోనే ఉన్నాయి, విడదీసి ఒకదాన్నే మెచ్చుకోవడం కుదరదు.

అల్లుడు: నీ కొలత పెట్టి చూస్తే ఎవరు మిగుల్తరు మామా? మన బోధన్‌నే చూడు, వేములవాడ చాళుక్యులు మొదట ఏలింది ఆడికెల్లే అంటరు. పంపకవి సమాధి అని గూడ చూపెడ్తరు. పంపన కన్నడ భారతం 941ల రాసిండు. అందుల అర్జునుడెవరు? ఆయనను సాదిన రాజు అరికేసరే. రాజును అర్జునుని చేసి కావ్యం రాస్తే ధర్మపురి అగ్రహారం వచ్చింది. ఆయనకు వద్దనే హక్కు ఉండెనా? అయిన ఆ కావ్యం వెయ్యేండ్ల నుంచి బతికే ఉంది గద.

మామ: బతికింది. అగ్రహారం వచ్చినోడు గనక బతికిండు. నీకిచ్చే అగ్రహారమేది? సర్కారోళ్ల సాంస్కృతిక సారథి ఉద్యోగమా?

అల్లుడు: అదే అనుకో. ఏం తక్కువ? తెలంగాణ వచ్చినంక దానికి రసమయి బాలకిషన్‌ను పెట్టి, ధూంధాంల గొంతు చించుకున్న 550 మందికి జీతం ఇచ్చిండ్రు. ఉద్యమంల పస్తులుండి పాడినోళ్లు ఆ జీతంతోని పిల్లలను చదివిచ్చుకున్నరు. కళాకారునికి నెల తిరుగుతె జీతం అనేది ఈ దేశంల ఎన్ని కాడ ఉన్నది?

మామ: వాళ్ల ఇంట్ల పొయ్యి వెలిగినందుకు నాకు సంబురమే. కాని తర్వాత ఏం పాడిండ్రు? చెరువు తవ్వితే చెరువు పాట, నల్లా పెడితే నల్లా పాట. ధూంధాంల పాట వింటే ఊరు ఊరంత లేచి నిలబడేది. పథకం పాటకు ముందు వరుస లీడర్లు చప్పట్లు కొడ్తరు, ఎనుక ముసలోళ్లు బీడి ముట్టిస్తరు. నేనే చూసిన, మన మార్కెట్ యార్డుల. పాడేటోడు అదే మనిషి, అదే గొంతు.

అల్లుడు: నువ్వు గోడ మీద రాసిన ‘చెట్లు నాటుదాం’ ఏ కావ్యం మామా?

మామ: (నవ్వి) అది కావ్యం గాదు. నేను అన్ననా కావ్యమని? అక్షరం మాత్రం మంచిగ రాసిన.

ఆ అక్షరం సంగతి నేను చెప్పాలి, మామ చెప్పుకోడు. గోడకు సున్నం పూసి ఆరనిచ్చాక, సుద్ద పూసిన దారాన్ని ఈ కొసన ఒకరు ఆ కొసన ఒకరు పట్టుకుని మధ్యలో లాగి వదిలితే గోడ మీద తిన్నటి గీత పడుతుంది. రెండు గీతల మధ్య అక్షరం కూర్చోవాలి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ఇంగ్లీషు అక్షరంలా గీతల మధ్య ఇమిడిపోదు. ‘శ్రీ’ రాయాలంటే కింది వరుసలో చోటు ముందే వదలాలి. మామ గీత కొట్టకముందే పేరును వేళ్ల మీద లెక్కవేసుకునేవాడు, ఎక్కడ ఒత్తు వేలాడుతుందో, ఎక్కడ దీర్ఘం లేస్తుందో. చదును కుంచెను సున్న దగ్గర తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. కంప్యూటరులో ఫాంటు పెద్దది చేసి ఒత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కిన ఫ్లెక్సులు కోటగిరి అంతటా ఉన్నాయి. వాటిని చూసి మామ ఏమీ అనడు. తల పక్కకు తిప్పుకుంటాడు.

అల్లుడు: మంచిగ రాసినవ్. మరి ఎందుకు ఇడిసిపెట్టినవ్?

మామ: నాలుగు రోజుల పని ఫ్లెక్సోడు నలభై నిమిషాలల్ల ఇస్తున్నడు. పైంగ పెండ్లికొడుకు ఫొటో, లీడర్ ఫొటో దాంట్లనే. ఎన్నికలకు గోడ రాతలు వద్దనిరి. మిగిలినయి బడి గోడలు. మన ఊరు మన బడి పథకం వచ్చినప్పుడు ఒక బడికి బొమ్మలేసిన. పండ్లు, అంకెలు, ఎక్కాలు, వరండా పొడుగున మంజీర మీద నిజాంసాగర్ కట్ట. 1923ల పునాది తీసుడు కాడికెల్లి 1931ల నీళ్లిడిసేదాక పిల్లలకు కథ లెక్క గీసిన. ఆర్నెల్లు గాలే, ఎవరో సారొచ్చి దాని మీద వైట్‌వాష్ కొట్టిచ్చిండు. నాతోని ఒక్క మాట గూడ అనలే. నేను అడిగితే, పైసలిచ్చినం గద అన్నరు.

అల్లుడు: ఏ బడి అది?

మామ: ఇడువు. బడి పేరెందుకు? ఇయ్యాల అక్కడ ఉన్నోళ్లకు తెల్వది గూడ తెల్వది.

అల్లుడు: పేరు చెప్పకున్న సరే, ఇది విను. ఢిల్లీల అమర్‌నాథ్ సెహగల్ అని శిల్పి ఉండె. విజ్ఞాన్ భవన్ గోడకు పెద్ద కంచు శిల్పం చేసిండు. 1979ల దాన్ని పీకి గోదాముల పడేసిండ్రు. ఆయన కోర్టుకు పోయిండు. పైసలిచ్చి కొన్నా సరే, చేసినోని పని పాడు చేసే హక్కు కొన్నోనికి లేదని 2005ల ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. శిల్పం ఆయనకే తిరిగియ్యాలె, అయిదు లక్షలు నష్టపరిహారం గూడ ఇయ్యాలె అన్నది. అదే చట్టం నీ నిజాంసాగర్ కట్టకు గూడ వర్తిస్తది మామా. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్.

మామ: 1979ల పీకిండ్రు, 2005ల తీర్పు. ఇరవై ఆరేండ్లు. అప్పటిదాక ఆయనకు తిండి ఎవరు పెట్టిండ్రో అది గూడ తీర్పుల ఉన్నదా?

అల్లుడు జవాబు చెప్పలేకపోయాడు. నేనైతే చెప్పేవాణ్ణి: సెహగల్ అప్పటికే పేరున్న శిల్పి, కోర్టు ఖర్చు భరించగలవాడు. చట్టం అందరిదీ అంటారు కాని, దాని మెట్లు ఎక్కడానికి ముందు ఎంతో కొంత కూడబెట్టి ఉండాలి. అయినా తెలిసి ఊరుకోవడం ఒక ఎత్తు, తెలియక ఊరుకోవడం ఒక ఎత్తు. మామకు ఆ సెక్షన్ సంగతి ముందే తెలిసి ఉంటే కోర్టుకు పోయేవాడు కాదు. కాని ‘పైసలిచ్చినం గద’ అన్న మాటకు అక్కడే బదులు ఉండేది.

మామ: నీకు పట్నం చానల్ మీద మోజు లేదని చెప్తున్నవ్, మంచిదే. మరి ఈడ నిన్ను సాదేదెవరు? నేను పిల్లగాన్ని ఉన్నప్పుడు ఈ దిక్కు క్యాంపులల్ల నాటకాలుండె. నిజాంసాగర్ నీళ్లకు కోస్తా నుంచి వచ్చి భూములు కొన్న రైతులు, వాళ్లతోనే హార్మోనియం, పద్యం గూడ వచ్చినయ్. ఆ నాటకాలకు తెరలు నేను గీసేది. అడవి సీను, దర్బారు సీను. దర్బారు తెరకు స్తంభాలు గీస్తే ముందటి స్తంభం కన్నా ఎనుకటిది పొట్టిగ ఉండాలె, లేకుంటే రాజు గోడకు అతుక్కున్నట్టు కొడ్తది. ఆ పని ఎవరు చెప్పిండ్రు నాకు? ఒక తెరను చూసి నేర్చుకున్న. పైసలకు ఢోకా లేకుండె. ఎందుకంటే చెరుకు ఉండె. 1937ల బోధన్‌ల పెట్టిన షుగర్ ఫ్యాక్టరి నడిచినన్నొద్దులు రైతు చేతుల పైసలాడినయ్, నాటకం ఆడింది. 2015ల ఫ్యాక్టరి మూతపడె. అప్పటికే టీవీలొచ్చి నాటకం పోయింది గని, మిగిలిన భజనలకు చందా ఇచ్చే చెయ్యి గూడ ముడుసుకుంది. కళ పోవుడు అంటరు. పోయింది కళ గాదు, చెరుకు.

అల్లుడు: ఇప్పుడు వరి ఉన్నది. పెండ్లిళ్లున్నయ్. గణపతి మండపాలున్నయ్, బోనాలున్నయ్, బతుకమ్మ ఉన్నది. డీజే బాక్సులకు ఇచ్చే కిరాయి చూసినవా? జనం కాడ పైసలు లేవని అనకు. పాటకే ఇస్తలేరు, డబ్బాకు ఇస్తున్నరు. బలగం సినిమానే చూడు. 2023ల వచ్చిన ఆ సినిమా ఆఖరుకు ఇంకో మొగిలయ్య, కొమురమ్మ పాడిన బుడగ జంగాల పాటకు ఊర్లకు ఊర్లు తెరలు కట్టుకొని కూసుండి ఏడ్చినయ్. టికెటు లేదు, సీటు లేదు, కింద చాప. ఎవరన్నరు మన పాటకు వినేటోళ్లు లేరని?

మామ: ఆ మొగిలయ్య కిడ్నీలు పోయి, డయాలిసిస్ చేసుకుంట చేసుకుంట 2024 డిసెంబరుల పోయిండు. ఎవరెవరో సాయం చేసిండ్రు, కాదనను. ఏడ్చిన ఊర్లన్ని తలా ఒక రూపాయి పాటకే ఇచ్చి ఉంటే సాయం అడిగే పని లేకుండె.

అల్లుడు: ఇగో, ఇప్పుడు నువ్వే నా మాట అంటున్నవ్!

మామ: నీ మాట గాదు. పాటకు రూపాయి రావాలె అన్న. పాట మీదనే బతుకు అనలే. రేడియోల పాడి, నిజామాబాద్ సంగీత పాఠశాలల పిల్లలకు సరిగమలు చెప్పి బతికినోళ్లున్నరు. వాళ్లకు నెలకు వచ్చేది ఒకటి వేరే ఉండె, అందుకే కచేరికి పిలిచినోడు తక్కువిస్త అంటే రాను పో అన్నరు. నేను ఎరువుల దుకాణంల కూసున్నందుకు, మొన్న ఒక లీడర్ మనిషొచ్చి దేవుని పక్కన లీడర్ మొకం గీయుమంటే గీయను పో అన్న. పదేండ్ల కిందనైతే గీసెటోన్ని.

అల్లుడు: గీయను అన్నవ్. మంచి పని చేసినవ్. మరి ఏం గీసినవ్ మామా ఆ తర్వాత?

మామ: ఏందిరా?

అల్లుడు: గీయను అనే హక్కు సంపాదిచ్చుకున్నవ్. సరే. ఆ హక్కుతోని ఈ నడుమ ఏం గీసినవ్? పొద్దున ఏడింటికి దుకాణం, రాత్రి తొమ్మిదింటికి ఇంటికి. ఐతారం అమ్మమ్మను దవఖానకు తీసుకపోతవ్. నీ చెయ్యి ఉన్నది, కుంచె ఎండిపోయి డబ్బల పడ్డది. పని లేనోనికి వద్దనే హక్కు దేనికి?

మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘యూరియా స్టాకు రాలేదని రైతులు లొల్లి పెడుతున్నరు’ అని సంబంధం లేని మాటొకటి అన్నాడు. అల్లుడు కొంచెం దూకుడుగానే అన్నాడు, కాని తప్పు అనలేదు. పక్క పని కళాకారుడికి మెడ ఎత్తుకునే ధైర్యం ఇస్తుంది, ఆ ధైర్యం వాడుకోవడానికి కావలసిన పొద్దును మాత్రం తనే మింగేస్తుంది. పట్నంలో ఆఫీసు పని ముగించుకుని సాయంత్రం కథ రాసుకునేవాడి లెక్క వేరు. కోటగిరిలో ఎరువుల దుకాణానికి సాయంత్రం అంటూ ఉండదు. అయినా అల్లుడి దారిలో పోయి కళ్లముందు చితికిపోయినవాళ్లను మామ ఎంతమందిని చూశాడో అల్లుడికి తెలియదు.

మామ: సరే తియ్. నీ కాగితం చూపియ్. ఏమున్నది దాంట్ల?

అల్లుడు: సాహిత్యం, బాణీ, గాత్రం, అన్ని హక్కులు, ఎప్పటికి, ప్రపంచమంతటా, ఇప్పుడున్న మాధ్యమాలల్ల, ముందుముందు వచ్చే మాధ్యమాలల్ల గూడ వాళ్లకే అని ఉన్నది.

మామ: ఎప్పటికి అంటే నువ్వు సచ్చినంక గూడనా?

అల్లుడు: ఆఁ. కాని 2012ల చట్టం మార్చిండ్రు మామా. పాటలు రాసే జావేద్ అఖ్తర్ రాజ్యసభల కొట్లాడిండు. రాసినోడు, బాణీ కట్టినోడు హక్కులు అమ్ముకున్నా, పాట వాడుకున్నప్పుడల్ల వచ్చే రాయల్టీల సమాన వాటా పోదు. వదులుకుంటున్న అని సంతకం పెట్టినా చెల్లది. ఇంక ఇప్పటిదాక పుట్టని మాధ్యమాన్ని కాగితంల పేరు పెట్టి రాయకుంటే, దాని హక్కు రాసిచ్చినా చెల్లది. కాగితంల గడువు రాయకుంటే ఐదేండ్లే అనుకోవాలె, ఏ జాగ అని రాయకుంటే ఇండియా వరకే. అందుకే వాళ్లు ‘ఎప్పటికి, ప్రపంచమంతటా’ అని ముందే గట్టిగ రాసుకున్నరు. ఆ రాయల్టీ వసూలు చేసి పంచెతందుకు 1969ల పెట్టిన సొసైటీ ఉన్నది, ఐపీఆర్ఎస్. అందుల సభ్యుడైత.

మామ: అయితే అవు. కాని వసూలైన పైసల నుంచి నీకు ఎంత వస్తది, ఎన్నొద్దులకు వస్తది అని చెప్పు. అప్పటిదాక అక్క బీడీలు చుట్టాల్నా?

అల్లుడు: గందుకే ఇప్పుడిచ్చే పైసలు వద్దంటలేను. తీసుకుంట. కాని అమ్మను. కిరాయికిస్త.

మామ: (కాసేపు ఆలోచించి) ఒక తెల్ల కాగితం తే. మొదలు: ఐదేండ్లు. రెండు: తెర మీద పేరు. సాహిత్యం ఫలాన, సంగీతం ఫలాన, ఊరు కోటగిరి. ఊరు గూడ రాయాలె. మూడు: బరాతులల్ల, మండపాలల్ల నీ పాట నువ్వు పాడుకుంటే వాళ్లు యూట్యూబుల కాపీరైట్ స్ట్రైకు కొట్టొద్దు. నాలుగు: పైసలు మొత్తం ముందుగాల.

అల్లుడు: నాలుగు కుదరది మామా. సగం ముందు, సగం ఫైలు పంపినంక. అందరు గట్లనే ఇస్తరు.

మామ: అందరు గట్లనే ఇస్తరు గనకనే అందరు నా దుకాణంల ఉద్దెరకు వస్తరు.

అల్లుడు కాగితాన్ని ఫొటో తీసి పంపించాడు. మామ చేతిరాత అది, ఒత్తులు ఒకదానికొకటి తగలకుండా. ఇంటికి లేద్దామనుకునేసరికి జవాబు వచ్చింది. పేరు వేస్తారట, ఊరు కూడా వేస్తారట. బరాతుల్లో పాడుకోవచ్చట. పైసలు సగం సగం. ఐదేళ్లు మాత్రం కుదరదట, పదిహేను కావాలట.

మామ: పదిహేను! అప్పటికి నీ బిడ్డ ఇంటర్ చదువుతుంటది. పది అను, ఎనిమిదికి దిగు.

అల్లుడు: మామా, తక్కువ ఏండ్లు కావాల్సింది మనకు. వాళ్లు దిగాలె, మనం ఎక్కాలె. పది మనమే అంటే పన్నెండు కాడ తేలుతది.

మామ: అయితే ఆరు అను. ఎనిమిది కాడ ఆగు.

అల్లుడు: ఏడు కాడ.

మామ: ఎనిమిది. పండుగ ముందటున్నది, వాళ్లకు గూడ పాట కావాలె.